మోసేది కట్టె, నింపేది మట్టి

హైదరాబాదు మల్లాపూర్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా కడుతున్న అపార్ట్‌మెంటు ఒకటైనా కనబడుతుంది. సెంట్రింగ్ విప్పేసి, ఇటుక పని ఇంకా మొదలుపెట్టని రోజుల్లో దాన్ని ఒకసారి నిలబడి చూడాలి. పిల్లర్లు, బీములు, స్లాబులు, మధ్యలో ఉత్త గాలి. ఒక్క గోడ లేదు, అయినా అయిదంతస్తులు నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత గళ్లన్నీ ఇటుకతో పూడుస్తారు, ప్లాస్టరింగ్ చేస్తారు, రంగులేస్తారు. ఇక ఆ ఇల్లు దేనిమీద నిలబడిందో అందులో కాపురముండేవాళ్లకు కనబడదు. వంటింటికీ హాలుకూ మధ్య గోడ అడ్డమనిపించి మేస్త్రీని పిలిచినప్పుడు గానీ సంగతి బయటపడదు. "ఈ గోడ తీసేస్తే ఏం కాదా?" అంటే, "ఏం కాదు సార్, బరువంతా పిల్లర్ల మీదనే ఉంది" అంటాడతను.

మోసేది ఒకటి, నింపేది మరొకటి. కాంక్రీటు రాకముందు ఈ పద్ధతిని కట్టెతో నడిపించిన దేశాలు చాలా ఉన్నాయి. వాటిలో జర్మన్లది ఒక దారి. వాళ్లు ఆ మోసేదాన్ని దాచలేదు. నల్లటి దుంగల చట్రాన్ని వీధివైపు అట్లాగే వదిలేసి, గళ్లలో నింపిన మట్టికి మాత్రం తెల్లసున్నం కొట్టారు. ఆ పద్ధతిని వాళ్లు ఫాహ్‌వెర్క్ అంటారు. పాల డబ్బాల మీదా, చాక్లెట్ అట్టల మీదా, పిల్లల కథల పుస్తకాల్లోనూ మనం చూసే ఆ నలుపు తెలుపు ఇళ్లు అవే.

జర్మనీ నడిమధ్య హెస్సే రాష్ట్రం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి అమెరికా వెళ్లిన తెలుగువాళ్లందరూ, తెలిసో తెలియకో, ఆ గడ్డ మీద ఒక పూట గడిపినవాళ్లే. గ్రిమ్ సోదరులు పుట్టిన హానావ్, వాళ్లు చదువుకున్న మార్‌బుర్గ్ కూడా అక్కడివే. ఆ రాష్ట్రంలోనే లాన్ నది ఒడ్డున లింబుర్గ్ అనే పాత పట్నం ఉంది. కొండరాయి అంచున నిలబడ్డ దాని పెద్ద చర్చి బొమ్మను ఒకప్పుడు జర్మన్ల వెయ్యి మార్కుల నోటు మీద వేశారు. మనకు కావలసింది చర్చి కాదు, దాని కింది సందుల్లో ఉన్న ఇళ్లు.

1289 మే 14న లింబుర్గ్ పట్నంలో చాలా భాగం తగలబడిపోయింది. కాలిన చోటే మళ్లీ కట్టారు. అప్పుడు లేచిన ఇళ్లలో రోమర్ వీధిలోని ఒకటి ఈనాటికీ ఉంది. జర్మనీలో నిలిచివున్న కట్టెచట్రపు ఇళ్లలో అతి పాతవాటిలో అదొకటి. ఆ ఏడే నవంబరులో, నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే నాయకుడు ఒక శాసనం వేయించాడు. రుద్రమదేవి కన్నుమూసిందని మనకు తెలిసింది ఆ శాసనం వల్లే. అంటే కాకతి రాణి పోయిన ఏడాది నరికిన చెట్టు, హెస్సేలో ఇంకా ఒక ఇంటి కప్పును మోస్తోంది.

మరి రుద్రమ ఏలిన ఓరుగల్లులో ఒక కోమటి ఇల్లో, ఒక సాలెవారి ఇల్లో ఏదైనా మిగిలిందా? లేదు. ఆ వైపు 1213 నాటి రామప్ప గుడి ఉంది, ఓరుగల్లు కోటలో తోరణాలున్నాయి, రాతికోట ఉంది, మట్టికోట కట్ట ఉంది. దేవుడిల్లు మిగిలింది, మనుషుల ఇల్లు పోయింది. దీనికి ఓరుగల్లు మీద దండెత్తిన మాలిక్ కాఫర్‌నూ, ఉలుగ్ ఖాన్‌నూ తిట్టుకుంటే సరిపోదు. యుద్ధాలు జర్మనీలోనూ తక్కువ జరగలేదు. అసలు సంగతి నేల దగ్గర ఉంది.

కట్టెను నేలలో పాతితే ఏమవుతుందో కంచె వేసిన రైతును అడిగితే చెబుతాడు. గుంజ విరిగేది పైనా కాదు, అడుగునా కాదు, సరిగ్గా నేల మట్టాన. కట్టెను తినే బూజుకు నీరూ కావాలి, గాలీ కావాలి. లోతున నీరుంటుంది గాని గాలి ఆడదు. పైన గాలి ఉంటుంది గాని కట్టె ఆరిపోతుంది. నేల మట్టం దగ్గర రెండూ దొరుకుతాయి. కట్టెలో తేమ సుమారు 20 శాతం దాటి అక్కడే నిలిచిందంటే బూజుకు దారి తెరిచినట్టే. దానికి తోడు మనకు చెదలు. జర్మనీలో అయినా సరే, పాతిన గుంజల మీద కట్టిన ఇల్లు ఒకటి రెండు తరాలే నిలిచేది. తరవాత అదే చోట మళ్లీ గుంటలు తవ్వి మళ్లీ పాతేవాళ్లు. అలాంటి ఇల్లు తవ్వకాల్లో గోడగా దొరకదు, మట్టిలో నల్లటి గుండ్రటి మరకలుగా దొరుకుతుంది. గుంజ కుళ్లిపోయినచోట నిండిన మన్ను రంగే వేరు. ఆ మరకలు వరుసగా ఎట్లా ఉన్నాయో చూసి ఇంటి కొలతలు రాస్తారు. మన పాలమూరు వైపు ఉట్నూరు బూడిదదిబ్బలో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఇది కృష్ణకు దగ్గరిది) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వించినప్పుడు, కొత్తరాతియుగపు పశువుల దొడ్ల చుట్టూ గుంజలు పాతిన గుంటలు దొరికింది కూడా ఇట్లాగే.

జర్మనీలో 12, 13 శతాబ్దాల్లో పట్నాలు పెరుగుతున్నకొద్దీ ఈ మళ్లీమళ్లీ కట్టుకునే పని వదిలించుకున్నారు. గుంజను నేలలోంచి పైకి తీశారు. నేలమీద రాళ్లతో మోకాలెత్తు గోడ, దానిమీద పడుకోబెట్టిన బలమైన దూలం, ఆ దూలంలో దిగగొట్టిన నిలువు కంభాలు. చూడ్డానికి ఇది చిన్న మార్పే. కాని పాతిన గుంజ తనంతట తానే నిలబడుతుంది, రాయిమీద పెట్టిన కంభం నిలబడదు. దాన్ని పక్కవాటితో కట్టిపడేయాలి. అంటే నేల చేసే పనిని ఇప్పుడు అతుకులు చేయాలి. వడ్రంగం కళగా మారింది ఆ అవసరం లోంచే.

మన దగ్గరా కంభం నేలను వదిలింది. తెలంగాణలో పాత భవంతి ఇల్లు ఎక్కడ చూసినా టేకు కంభం కింద చెక్కిన రాతి దిమ్మ ఉంటుంది. ఇంట్లో ఎన్నిసార్లు అలికినా, కడిగినా ఆ నీళ్లు కట్టెదాకా ఎక్కవు. చెదపురుగు మట్టిగొట్టం కట్టుకుంటూ పైకి రావాలన్నా దిమ్మ మీద అందరి కళ్లముందే రావాలి, చీపురుతో ఒక్క దెబ్బ చాలు. అయితే మనవాళ్లు కంభాలను ఎక్కువగా ఇంటి నడుమ, గచ్చు చుట్టూ నిలబెట్టారు. బయటి గోడ మాత్రం మందపు మట్టిదో, రాతిదో. హెస్సేలో చట్రం వీధికి కనబడుతుంది, మనకు లోపలికి వెళ్తే గాని కనబడదు.

ఈ తేడాకు కారణం వెతకాలంటే మల్లాపూర్‌లో డాబా ఎక్కి మౌలాలి గుట్ట వైపు చూస్తే చాలు. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ పొరలుపొరలుగా విడిపోయి, గుండ్లుగుండ్లుగా ఊరి చుట్టూ పరుచుకుని ఉంది. రాయి కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. టేకు మాత్రం గోదావరి అడవుల నుంచి బండ్ల మీద రావాలి. దొరికేదాన్ని గోడకూ, కొనేదాన్ని కప్పుకూ వాడారు. లాన్ లోయవాళ్లకు ఓక్ చెట్లు ఊరి వెనకే ఉండేవి. పట్నంలో చోటు తక్కువ, బరువైన రాతిగోడలు కట్టించే డబ్బూ అందరికీ లేదు, సన్నటి కట్టెచట్రంతో పై అంతస్తును వీధి మీదికి అడుగో రెండడుగులో ముందుకు కూడా జరుపుకోవచ్చు. కింద పన్నెండడుగుల ఇల్లు పైన పద్నాలుగు అయ్యేది. మన బస్తీల్లో మున్సిపాలిటీవాళ్లతో తగాదా పెట్టే బాల్కనీలకు యూరప్‌లో ఏడెనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది.

అతుకు ఎట్లా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఒక దుంగ కొసను సన్నటి పలకలా చెక్కుతారు. రెండో దుంగలో అంతే కొలతకు తొర్ర తొలుస్తారు. మొదటిది రెండోదాంట్లో దిగుతుంది. రెండింటినీ కలిపి అడ్డంగా ఒక చిల్లు, అందులో కొయ్యమేకు. ఇంతవరకు మన వడ్రంగులు చేసేదీ అదే. అక్కడి తెలివి ఏమిటంటే, రెండు దుంగల్లోనూ ఆ చిల్లును విడివిడిగా వేస్తారు, అదీ కావాలనే ఒక నూలుపోగంత ఎడంగా. మేకు కొడుతుంటే ఆ ఎడాన్ని సరిచేసుకుంటూ అది కొంచెం వంగి, మొదటి దుంగను రెండోదాంట్లోకి గట్టిగా లాగుతుంది. ఇనుము అక్కరలేదు. పైగా ఓక్‌ను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవాళ్లు, ఎండితే ఉలికి లొంగదు కాబట్టి. ఇల్లు లేచాక కట్టె మెల్లగా ఆరుతూ, మేకు చుట్టూ బిగుసుకుంటుంది.

టేకుతో పని దీనికి పూర్తిగా తలకిందులు. పచ్చి టేకు నీళ్లలో మునిగేంత బరువు. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ బెరడూ తెల్లకట్టే తెగేలా గాటు పెట్టి, రెండు మూడేళ్లు నిలబెట్టే చంపి ఎండనిచ్చేవాళ్లు. తరవాత నరికితే తేలికైపోయి ఏట్లో తేలుతుంది. గోదావరి మీద దుంగలు అట్లా కిందికి వచ్చేవి. 17వ శతాబ్దంలో నర్సాపురం దగ్గర మాధవాయిపాలెంలో యూరోపియన్లు ఓడలు కట్టించుకున్నారంటే ఈ కట్టె అండ చూసుకునే. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, చెదలకు అది పడదు. ఓక్‌లో టానిన్లు ఎంత ఉన్నా మన చెదల ముందు ఎంతకాలం నిలిచేదో అనుమానమే.

ఇంకో ముచ్చట. హెస్సే వడ్రంగులు ఇంటిని ఇంటిదగ్గర కట్టేవాళ్లు కాదు. అడితిలో నేలమీద గోడకు గోడ పరిచి, అతుకులన్నీ సరిచూసి, ప్రతి దుంగ మీదా ఉలితో గుర్తు వేసి, విప్పి, బండికెత్తి, స్థలం దగ్గర మళ్లీ నిలబెట్టేవాళ్లు. ఆ గాట్లు రోమన్ అంకెల్లా ఉంటాయి, ఇప్పటికీ దుంగల మీద చదువుకోవచ్చు. కట్టేటప్పుడే విప్పే వీలుండటంతో కొన్ని వందల ఏళ్లకు ఒక మేలు జరిగింది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఉత్తరాన హెస్సెన్‌పార్క్ అనే ఆరుబయలు మ్యూజియాన్ని 1974లో స్థాపించారు. రోడ్ల కిందా, కొత్త కట్టడాల కిందా పోబోయిన పల్లె ఇళ్లను మేకు మేకూ తీసి, అక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

చట్రం అయింది, ఇక గళ్లు. నిలువు బద్దలు నాటి, వాటి మధ్య పచ్చి కొమ్మలతో తడిక అల్లి, గడ్డి కలిపి తొక్కిన మన్ను రెండువైపులా మెత్తుతారు. ఇది చదివి ఆదిలాబాద్‌వాళ్లు నవ్వుకోవచ్చు. గోండు గూడేల్లో వెదురు తడికకు మన్ను, పేడ మెత్తి కట్టే గోడ అచ్చంగా ఇదే. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో మార్లవాయిలో మకాం పెట్టి గోండుల బతుకును రాసినప్పుడు వాళ్ల ఇళ్లను కూడా వర్ణించాడు.  తడిక గోడకు దేశం లేదు. కట్టె, పుల్ల, మన్ను, గడ్డి దొరికిన ప్రతిచోటా మనిషి దాన్ని కనిపెట్టుకున్నాడు.

గడ్డి దేనికి? మన్ను ఆరుతూ కుంచించుకుంటుంది. ఒట్టి మన్నయితే పెద్ద పెద్ద బీటలు పడతాయి. గడ్డిపోచలు ఆ లాగుడును గోడంతా పంచి, ఒక్క పెద్ద బీటకు బదులు కంటికానని వెయ్యి సన్నబీటలు చేస్తాయి. బీములో ఇనుప చువ్వ చేసేది కూడా ఈ పనే. ఇక మట్టి చేసే అసలు మేలు కట్టెకు. మన్ను తేమను తొందరగా పీల్చి తొందరగా వదిలేస్తుంది. వానకు తడిసిన దుంగ పక్కన మన్ను ఉంటే, దుంగలోని నీటిని అది లాగేసుకుని గాలికి వదులుతుంది. కట్టెలో తేమ ఎక్కువకాలం నిలవదన్నమాట.

ఈ సంగతి మరిచిపోతే ఏమవుతుందో జర్మన్లే పరీక్ష చేసి చూపించారు, అనుకోకుండా. రెండో ప్రపంచయుద్ధం తరవాతి దశాబ్దాల్లో మరమ్మతుల పేరుతో పాత ఇళ్ల గళ్లలోంచి మన్ను తీసి సిమెంటు నింపారు, మీద సిమెంటు ప్లాస్టరు వేశారు. సిమెంటు గట్టిది, కట్టె వానకు ఉబ్బి ఎండకు తగ్గుతుంది. రెంటి మధ్యా సన్నటి సందు పడింది. అందులోకి దిగిన వాననీళ్లకు బయటికి దారి లేదు. ఆరు వందల ఏళ్లు నిలబడ్డ దుంగలు కొన్ని దశాబ్దాల్లోనే లోపలినుంచి పొడిపొడి అయ్యాయి. ఇప్పుడు అక్కడి సంరక్షకులు సిమెంటు ఊడదీసి మళ్లీ మట్టీ సున్నమూ పెడుతున్నారు. మన ఊళ్లలో గడీలకూ, పాత భవంతులకూ సిమెంటు పూత పూసి "గట్టిచేశాం" అనుకునే పెద్దలకు ఈ కబురు అందాలి.

మట్టిగోడ మీద సున్నం తడిగా ఉండగానే దువ్వెనల్లాంటి పనిముట్లతో గీతలు, పూలు, పిట్టలు గీసే అలవాటు హెస్సే పల్లెల్లో ఉంది. 2016లో జర్మనీ దాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. మనకు సున్నం మీద జాజు పట్టీలున్నాయి. ఏ జాబితాలోకి ఎక్కకపోయినా పండగ పండగకీ వేస్తూనే ఉన్నారు.

జర్మన్ గోడకూ మన చట్రానికీ అసలైన తేడా ఏటవాలు కట్టెల్లో ఉంది. నాలుగు దుంగలను నాలుగు మూలలా బిగిస్తే చతురస్రమవుతుంది గాని అది ఊగుతుంది. అతుకులు వదులైన నులకమంచం మీద కూర్చుంటే ఒకపక్కకు ఒరిగిపోయినట్టు, నాలుగు భుజాల ఆకారం పొడవులేవీ మారకుండానే పక్కకు వాలిపోగలదు. మూలనుంచి మూలకు ఒక్క కట్టె ఏటవాలుగా వేస్తే రెండు త్రిభుజాలవుతాయి. భుజం విరిగితే తప్ప త్రిభుజం ఆకారం మారదు. ఫాహ్‌వెర్క్ గోడల్లో కనబడే ఏటవాలు దుంగలు అందానికి వేసినవి కావు. రెండు కాళ్లూ రెండు చేతులూ చాచిన మనిషిలా అమర్చిన ఒక కూర్పుకు "అడవి మనిషి" అని పేరు కూడా పెట్టుకున్నారు. మన భవంతి కంభాల మధ్య ఇలాంటి ఏటవాలు కట్టె ఉండదు. కంభం నెత్తిన అడ్డంగా పెట్టిన చెక్కడపు చెక్క కొంత ఆసరా ఇస్తుంది, మిగతాది చుట్టూ ఉన్న మందపు గోడే చూసుకోవాలి.

గోడ చూసుకోలేకపోతే? 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజాము నాలుగుకు కొన్ని నిమిషాల ముందు, పొరుగున మహారాష్ట్రలోని కిల్లారిలో భూమి కదిలింది. అక్కడి ఇళ్లు మన పడమటి తెలంగాణ మిద్దెలకు దగ్గరి చుట్టాలే. లోపల కట్టె కంభాలూ దూలాలూ, పైన రెండడుగుల మట్టి కప్పు, చుట్టూ గుండ్రాళ్లను బురదతో పేర్చిన మందపు గోడ. ఆ గోడ నిజానికి రెండు గోడలు, మధ్యలో రాళ్ల ముక్కలు. రెండింటినీ కలిపి పట్టే నిలువెడల్పు రాళ్లు వేయలేదు. చాలాచోట్ల కట్టె చట్రం నిలబడే ఉంది, గోడలు నిద్రపోతున్నవాళ్ల మీద పడ్డాయి. వేలమంది చనిపోయారు.  

దానికి ఎదురు ఉదాహరణ కాశ్మీరు. అక్కడ "ధజ్జీ దివారీ" అనే గోడ ఉంది. సన్న కట్టెల చట్రం, ఏటవాలు కట్టెలు, చిన్న చిన్న గళ్లలో రాయీ మట్టీ. హెస్సే వడ్రంగి చూస్తే తనదే అనుకుంటాడు. 2005 అక్టోబరు 8 భూకంపంలో పక్కనున్న రాతి ఇళ్లూ, సరిగా కట్టని కాంక్రీటు ఇళ్లూ కూలినచోట ఇవి బీటలు వారి నిలబడ్డాయి. చిన్న గడిలోని మట్టి కదిలితే రాపిడిలో కొంత శక్తి ఖర్చయిపోతుంది, ఊడిపడినా ఒక గడే పడుతుంది.

ఈ లెక్కలో మన అపార్ట్‌మెంట్లను చూస్తే ఒక ఇబ్బంది కనబడుతుంది. పై అంతస్తుల్లో గళ్లను నింపిన ఇటుకగోడ, మేస్త్రీ "బరువు మోయదు" అన్నదే, పక్కకు ఊగకుండా చట్రాన్ని పట్టి ఉంచుతుంది. అడుగున కార్ల కోసం గోడలు లేకుండా వదిలిన స్టిల్టు అంతస్తులో ఆ పట్టు ఉండదు. 2001 జనవరి 26న అహ్మదాబాదులో ఇలాంటివి కింది అంతస్తు దగ్గరే కుంగి కూలాయి. భూకంప పటంలో హైదరాబాద్‌ది తక్కువ ప్రమాదపు చోటే, నిజం. అయినా స్టిల్టు పిల్లర్లకు తగినంత బలం పెట్టించారా, కాంక్రీటు గోడ ఒకటైనా కిందిదాకా దించారా అని ఫ్లాటు కొనేవాళ్లు అడగటం తప్పేం కాదు. ఇక పిల్లరుకూ ఇటుకకూ మధ్య నిలువునా వచ్చే సన్నటి చీలిక మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అది జర్మనీలో దుంగకూ సిమెంటుకూ మధ్య వచ్చిన తగాదాయే. అందుకే ప్లాస్టరుకు ముందు ఆ అతుకు మీద కోడిజాలీ కొట్టాలి, కొట్టించేది కొందరే.

   

ఇంతకీ లింబుర్గ్ ఇల్లు 1289 నాటిదని అంత కచ్చితంగా ఎట్లా చెప్పారు? దుంగలే చెప్పాయి. చెట్టు ఏడాదికొక వలయం వేస్తుంది. వానలు బాగుంటే వెడల్పు, కరువైతే సన్నం. ఈ వెడల్పు సన్నాల వరుస ఒక ప్రాంతంలోని ఓక్ చెట్లన్నిటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఇవాళ్టి చెట్టు నుంచి మొదలుపెట్టి, పాత దూలం, ఇంకా పాత దూలం, ఏటి ఒండ్రులో పూడిన మాను, ఇట్లా ఒకదాని కొస మరోదాని మొదలుతో కలుపుకుంటూ జర్మనీలో 10 వేల ఏళ్లు దాటిన వరుస తయారుచేశారు. పచ్చి ఓక్‌నే వాడేవాళ్లు కాబట్టి నరికిన ఏడే ఇల్లు కట్టిన ఏడు, లేదా దాని మరుసటేడు.

ఉష్ణదేశాల చెట్లలో చాలావాటికి వలయాలు స్పష్టంగా ఉండవు, టేకుకు ఉంటాయి. ఎండాకాలం ఆకు రాల్చి పెరగటం ఆపేస్తుంది, తొలకరికి మొదలుపెట్టేటప్పుడు పెద్ద రంధ్రాల వరుసతో కొత్త వలయం వేస్తుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవాళ్లు మధ్యభారతం, కేరళ టేకు వలయాల్లో పాత వానల లెక్కలు చదివారు. మన గడీల దూలాల వయసు కూడా ఇట్లా తేల్చవచ్చు. ఒక చిక్కుంది. చివరి వలయాలు ఉండేది చేవ చుట్టూ ఉన్న తెల్లకట్టెలో. దాన్ని చెదలు తింటాయి కాబట్టి మన వడ్రంగి కంభాన్ని చెక్కేటప్పుడు మొదట తీసేసేది దాన్నే. చక్కగా నునుపు చేసిన కంభాన్ని చూసి "ఫలానా ఏడుకు ముందు నరికింది కాదు" అని మాత్రం చెప్పగలం.

తెల్లకట్టె మిగిలేది అటకమీద, ఎవరూ చూడరని చెక్కకుండా గుండ్రంగా వదిలేసిన సన్నటి టేకు వాసాలకు. ఒక్కోదానికి బెరడు అంచు కూడా ఉంటుంది. పాత ఇల్లు విప్పినప్పుడు కంభాలనూ, దర్వాజాలనూ పాత కట్టె వ్యాపారులు రిసార్టులకూ హోటళ్లకూ బేరం పెడతారు. వాసాలకు గిరాకీ లేదు, లారీ లెక్కన కట్టెలపొయ్యిలకు పోతాయి.